ఏ టీడీఎస్ పెరిగింది?

అందరికీ నమస్కారం. నిన్న "టీడీఎస్ ఎక్కువైంది, చూడండి" అన్న మెసేజ్ చూసి సగం మంది బోరు నీళ్ల గురించి, సగం మంది లిఫ్ట్ బిల్లులో కోసే పన్ను గురించి వాదించుకున్నారు. సీ బ్లాక్ పిన్నిగారైతే మాత్రలు రోజుకు మూడుసార్లు అనుకున్నారు. డాక్టర్ చీటీలో దాని అర్థం అదే మరి!

విషయం నీళ్లది. నీటిలో కరిగి ఉన్న లవణాలు, ఖనిజాల మొత్తమే ఈ టీడీఎస్. ఐఎస్ఐ మార్కు ఇచ్చే సంస్థ తాగునీటికి పెట్టిన హద్దు లీటరుకు 500 మిల్లీగ్రాములు. వేరే నీళ్లు దొరకని చోట 2000 వరకు ఒప్పుకుంటుంది. మన బోరు రీడింగ్ ఈసారి 1100. కాచితే క్రిములు పోతాయి గానీ ఇది తగ్గదు, కాబట్టి తాగడానికి ఫిల్టర్ నీళ్లే వాడండి. పన్ను సంగతి ట్రెజరర్‌గారు చూసుకుంటారు, టెన్షన్ వద్దు.

ఇకపై మెయింటెనెన్స్ మెసేజ్‌లలో ఇలాంటి పొట్టి పేరు వస్తే పక్కనే విడమరిచి రాయండి. ఎస్టీపీ అంటే మురుగునీరు శుద్ధి చేసే ప్లాంటని కొత్తగా అద్దెకు దిగినవాళ్లకు ఎలా తెలుస్తుంది? మన ఇంజనీర్లకు ఇది ప్రత్యేక విన్నపం.

శనివారం ఉదయం ట్యాంకు కడుగుతారు. ముందురోజు రాత్రే నీళ్లు పట్టి ఉంచుకోండి.