సంతకం అసలుదే, చెప్పిన మాటే అబద్ధం

ఒరేయ్ ప్లీడరూ,

మొన్న ఫోన్లో "మీ అమెరికాలో దొంగ సంతకాలకి శిక్షల్లేవా?" అని అడిగి, క్లయింటు వచ్చాడని పెట్టేశావు. తీరిగ్గా చదువుకో, ఇదిగో జవాబు.

లేకేం, ఉన్నాయి. మా మిచిగన్‌లో జనమే రాజ్యాంగ సవరణ ప్రతిపాదించొచ్చు. గత గవర్నర్ ఎన్నికలో పోలైన ఓట్లలో పది శాతానికి సమానంగా ఓటర్ల సంతకాలు తెస్తే అది బ్యాలెట్‌కెక్కుతుంది. లక్షల సంతకాలు ఊరికే రావుగా, డబ్బిచ్చి మనుషుల్ని పెడతారు. షాపుల ముందు అట్ట పట్టుకుని నిలబడేది వాళ్ళే. (నాకింకా పౌరసత్వం రాలేదు, నా సంతకం వాళ్ళకి పనికిరాదు.) డబ్బివ్వడమే నేరమని కొలరాడో చట్టం చేస్తే, 1988లో సుప్రీంకోర్టు కొట్టేసింది.

దొంగ సంతకాలు దొరికిపోతాయిరా. 2022లో గవర్నర్ పదవికి దిగిన ఐదుగురు రిపబ్లికన్లు ఆ దెబ్బకే పోటీలో లేకుండా పోయారు. అవి నామినేషన్ కోసం తెచ్చిన ఓటర్ల సంతకాలే అనుకో, విద్య మాత్రం ఒకటే. నలుగురు కూర్చుని కాగితాలు తిప్పుకుంటూ తలా ఒక పేరు గీకడం. దీన్ని రౌండ్ టేబులింగ్ అంటారు. ఆ ఏడాది మొత్తం అభ్యర్థుల పత్రాల్లో సంతకాలు సేకరించే 36 మంది తెచ్చినవి కనీసం 68,000 సంతకాలు చెల్లలేదు.

అసలు తమాషా 2006 నాటి కేసులో ఉంది. ప్రతిపాదన పేరేమో 'మిచిగన్ సివిల్ రైట్స్ ఇనిషియేటివ్'. లోపలున్నదేమో ప్రభుత్వ యూనివర్సిటీల్లో, ఉద్యోగాల్లో నల్లవాళ్ళకీ ఆడవాళ్ళకీ ఇచ్చే ప్రాధాన్యం తీసేయాలని! ఆ ప్రాధాన్యాన్ని కాపాడటానికే అని చెప్పి తమతో సంతకం పెట్టించుకున్నారని చాలామంది నల్లవాళ్ళు సాక్ష్యం చెప్పారు. సంతకం అసలుదే, మనిషీ అసలే. మరి ఎవరు పట్టుకోవాలి? ఎన్నికల బోర్డు తటపటాయిస్తే, అబద్ధం చెప్పారా లేదా అని విచారించే అధికారం మీకు లేదని 2005లో రాష్ట్ర కోర్టు తేల్చేసింది.

తర్వాత ఫెడరల్ జడ్జి ఆర్థర్ టార్నో, మోసం జరిగిన మాట నిజమే అన్నారు. అయితే ఓటు హక్కు చట్టం కింద జాతి వివక్ష తేలాలి. వీళ్ళు తెల్లవాళ్ళకీ అబద్ధమే చెప్పారు, కాబట్టి ఆ చట్టం అడ్డుపడదట! అందర్నీ సమానంగా ముంచితే తప్పించుకోవచ్చన్నమాట. 2006 నవంబరులో ఆ ప్రతిపాదన 58 శాతం ఓట్లతో నెగ్గింది కూడా.

కాలిఫోర్నియాలో పిటిషన్‌లో ఉన్నదొకటి, చెప్పిందొకటి అయితే అదే నేరం. కానీ షాపు గుమ్మం ముందు నోటితో అన్న మాటకి రుజువెక్కడ తెస్తావు? నువ్వైతే ఎలా వాదిస్తావో రాయి. ఫీజు అడక్కు.

నీ,
రాము