దసరా సెలవుల రైల్వే మ్యూజియం యాత్ర గురించి తల్లిదండ్రులకు

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారాలు.

దసరా సెలవుల్లో మన బడి పిల్లల కుటుంబాలు కొన్ని, స్నేహితుల కుటుంబాలతో కలిసి ఢిల్లీ చాణక్యపురిలోని జాతీయ రైల్వే మ్యూజియానికి వెళ్లడం, అక్కడ మన ఐదో తరగతి బాబు పాత ఇంజన్ మీది నుంచి జారి మోకాలికి కుట్లు వేయించుకోవడం కాజీపేటంతా తెలిసిన సంగతే. అయితే ఆ వార్త వాట్సాప్ గ్రూపులు తిరిగి తిరిగి, బడివాళ్లే తీసుకెళ్లి పిల్లల్ని గాలికి వదిలేశారనే దాకా వచ్చింది కనుక రాయక తప్పడం లేదు. అది బడి ఏర్పాటు చేసిన యాత్ర కాదు. బాబు కోలుకుని తరగతులకు వస్తున్నాడు. ఫోటో కోసం వాడిని కంచె దాటించి పైకెక్కించింది పెద్దవాళ్లేనని వెళ్లివచ్చినవారే చెప్పారు. దాచకుండా చెప్పినందుకు వారికి నా ధన్యవాదాలు.

గ్రూపుల్లో ఎవరూ ప్రస్తావించని సంగతి మరొకటి ఉంది. అదే బృందంలోని ఏడో తరగతి అమ్మాయి, అందరూ ముందుకు సాగిపోయినా, ఒకప్పుడు పటియాలా సంస్థానంలో నడిచిన మోనోరైల్ దగ్గర నిలబడిపోయి, పక్కనున్న పెద్ద చక్రం ఆకులను లెక్కపెట్టి మరీ దాని బొమ్మ గీసుకుంది. ఒంటి పట్టా మీద నడిచే బండి ఒరిగిపోదా అంటే, బరువులో అధికభాగం పట్టా మోస్తుందని, రోడ్డు మీద దొర్లే ఆ పక్క చక్రం బండిని నిలబెడుతుందని చూపించింది. 1907లో మొదలైన ఆ బండిని తొలినాళ్లలో కంచరగాడిదలు లాగేవని, 1927లో అది ఆగిపోయిందని, పాత ఇనుములో పడి ఉన్న దాని ఇంజన్‌ను 1962లో గుర్తించగా తరువాత అమృత్‌సర్ వర్క్‌షాపులో బాగుచేశారని ఉదయం ప్రార్థనలో చీటీ చూడకుండా చెప్పింది. ఇది రాస్తుంటే కూడా నాకు సంతోషంగా ఉంది.

పిల్లలకు చూడటం నేర్పాలన్నది నా పాత పట్టుదల. యాభై వస్తువులను ఫోనులోకి ఎక్కించుకు రావడం కంటే ఒక్కదాని ముందు పావుగంట నిలబడటం మేలు. పైగా మనది రైల్వే ఊరు. ఆవిరి ఇంజన్లలో బొగ్గు వేసిన తాతలు ఇంకా మన వీధుల్లోనే ఉన్నారు. నీటి మట్టం చూపే గేజీ గాజుగొట్టంలో నీళ్లు తగ్గితే బాయిలర్‌కు ఏం ముప్పో, ఎత్తు ఎక్కేటప్పుడు బొగ్గు ఎలా చల్లాలో వారిలా ఏ బోర్డు చెబుతుంది? ఢిల్లీ దాకా వెళ్లి ఇంజన్లు చూసివచ్చిన పిల్లలు, ఇంట్లో ఉన్న ఫైర్‌మన్ తాతయ్యను ఒక్క ప్రశ్నయినా అడగలేదంటే, వాళ్లకు ఆ మాట అందించవలసింది ఎవరో మీకు తెలియనిది కాదు.

తిరుగు టిక్కెట్లు దొరకలేదని బడి తెరిచాక కూడా పిల్లల్ని పంపకపోవడం, అదీ రైల్వే ఊళ్లో, కాస్త వింతగా ఉంది. అర్ధరాత్రి దాకా ఫోను చూసినవారు మొదటి పీరియడ్‌లోనే కునుకుతున్నారని కూడా దయచేసి గమనించగలరు.

ప్రగతి పత్రాలు శనివారం ఇస్తాం, రెండో విడత ఫీజు నెలాఖరులోగా చెల్లించగలరు. సంక్రాంతికి ఆ మ్యూజియానికి వెళ్లదలచినవారు సోమవారం దానికి సెలవని గుర్తుంచుకోండి.

వచ్చే శుక్రవారం చివరి పీరియడ్‌లో రైల్వేలో పనిచేసిన తాతయ్యలు, అమ్మమ్మలు, నానమ్మలు పిల్లలతో మాట్లాడాలని కోరుతున్నాం. మెట్లు ఎక్కలేనివారి కోసం కింది హాలు సిద్ధం చేస్తున్నాం. పేర్లు బుధవారంలోగా తరగతి టీచరుకు ఇవ్వండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు