బొంతల్లో దారం కొసలు, కొత్త కుట్టుకూలి

మా తిరుపతి షాపులో మెషిన్ మీద కుట్టే బొంతల్లో పువ్వులు, మామిడి పిందెల డిజైన్లకు ఇకమీదట రెండు రోజులు ఎక్కువ పడుతుంది. కుట్టుకూలి కూడా ఒక్కో పువ్వుకు, పిందెకు 5 రూపాయలు పెరుగుతుంది. ఇదంతా దారం కొసలను లోపల దాచే పనికే. అంచు నుంచి అంచుకు పోయే గీతల కుట్టుకు పాత రేటే, ఎందుకంటే అక్కడ కొసలన్నీ అంచు పట్టీ కింద అణిగిపోతాయి.

పిందె బొంత మధ్యలో మొదలై మధ్యలోనే ఆగుతుంది. మొదట్లో రెండు కొసలు (పై దారానిది ఒకటి, అడుగున బాబిన్ దారానిది ఒకటి), చివర రెండు. రివర్స్ కుట్టు కొట్టి కత్తిరిస్తే నిమిషంలో పని అయిపోతుంది గానీ, పైన గడ్డకట్టిన మాదిరి కనిపిస్తుంది. ఊరికే కత్తిరిస్తే పాలిస్టర్ దారం జారుడు కాబట్టి ఉతికేకొద్దీ ఊడొస్తుంది. చంటిపిల్లల బొంతయితే ఊడిన దారం వేళ్లకు చుట్టుకుంటుంది. అది మాకు అస్సలు ఇష్టం లేదు.

అందుకే సూదిని ఒకసారి దించి లేపి, పై దారం లాగి బాబిన్ దారాన్ని పైకి తెస్తాం. రెండింటినీ ఆరంగుళాలు వదిలి, మూడు నాలుగు కుట్లు పడేదాకా వేళ్లతో పట్టుకుంటాం. పట్టుకోకపోతే అడుగున దారం చిక్కుపడి ఉండ కడుతుంది. కుట్టాక రెండు కొసలనూ కలిపి, గుడ్డకు పావంగుళం ఎడంగా చిన్న ముడి వేసి, చేతిసూదికి ఎక్కించి, దారం బయటికొచ్చిన రంధ్రంలోనే దింపుతాం. సూది అడుగు గుడ్డను తాకకుండా, దూది పొరలో అంగుళం నడిచి పైకి రావాలి. మెల్లగా ఒక్క గుంజు గుంజితే ముడి 'టక్'మని లోపలికి పోతుంది. ముడి లావైతే గుడ్డ చిరుగుతుంది, గట్టిగా గుంజితే ముడతపడుతుంది. కుట్టు మధ్యలో బాబిన్ అయిపోయినా, రెండంగుళాలు విప్పి ఇంత పనీ చేయాల్సిందే.

వెంకటగిరి కాటన్ చీరలు తెచ్చేవాళ్లు దారాన్ని చీర రంగులోనే ఎంచుకోండి. పల్చటి లేత రంగు గుడ్డ కింద ముదురు దారం దాచితే గీత మాదిరి బయటికి కనిపిస్తుంది.

ఇంట్లో ఎప్పుడైనా కొస బయటపడితే లాగొద్దు, కత్తెర పెట్టొద్దు. సూదికి ఎక్కించి అదే రంధ్రంలో దింపి, అంగుళం అవతల తీసి, అప్పుడు కత్తిరించండి. కొస పొట్టిదైతే ముందు సూది గుచ్చి, బెజ్జం ఇంకా పైన ఉండగానే దారం ఎక్కించండి. కుదరకపోతే తిరుపతి షాపుకు తెండి. మేం కుట్టిన బొంతకు ఈ పనికి డబ్బు తీసుకోం.