నాయనమ్మ మందుల గురించి నీకు రాయాల్సినవి

చిరంజీవి శ్రీకాంత్‌కు,

అమ్మ దీవించి రాసేది.

మేము అక్క పురిటికి అమెరికా బయల్దేరే లోపే నువ్వూ స్వాతీ పాపను తీసుకుని గుంటూరు వచ్చేస్తున్నారంటే నాన్నగారికీ నాకూ పెద్ద బరువు దిగింది. ఇంటి సంగతులు, పాలు, కరెంటు బిల్లు నీకు నేను చెప్పక్కర్లేదు. నాయనమ్మ మందుల సంగతి మాత్రం ఫోన్‌లో చెప్పి వదిలేసేది కాదు. నిదానంగా చదువు. స్వాతిని కూడా చదవమను.

అన్నిటికంటే ముఖ్యమైంది ముందే చెబుతున్నా. ఒక పూటకు మందు ఇచ్చే మనిషి ఒక్కరే ఉండాలి. పొద్దున నువ్వు, రాత్రి స్వాతి అనుకున్నా పర్వాలేదు, కానీ ఏ పూట ఎవరిదో ముందే తేల్చుకోండి. నువ్వు ఇచ్చావని తను, తను ఇచ్చిందని నువ్వు అనుకుంటే ఒక పూట మందే ఉండదు, ఇంకో పూట రెండుసార్లు పడుతుంది. ఇన్సులిన్ రెండుసార్లు పడడమంటే ప్రాణం మీదకు వచ్చినట్టే. ఫ్రిజ్ మీద నీలం అట్ట పుస్తకం పెట్టాను. మందు ఇవ్వగానే టైము, సుగర్ ఎంతుంది, ఎన్ని యూనిట్లు, ఎవరిచ్చారు, అక్కడే నిలబడి రాసెయ్యాలి. తర్వాత రాద్దాంలే అనుకుంటే మర్చిపోతారు. ఇచ్చామా లేదా అని అనుమానం వస్తే మళ్ళీ మాత్రం ఇవ్వొద్దు. సుగర్ చూసి డాక్టర్‌కు ఫోన్ చెయ్యి.

ఇన్సులిన్ సీసాలు ఫ్రిజ్ మధ్య అరలో స్టీలు డబ్బాలో ఉన్నాయి. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్రీజర్ దగ్గరా, వెనక గోడకు ఆనించీ పెట్టొద్దు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక చూడ్డానికి బాగానే ఉన్నా పనికిరాదు, పారెయ్యాల్సిందే. తెరిచిన సీసా గది వేడిలో నాలుగు వారాలు ఉంచుకోవచ్చు అంటారు కానీ ఆ గది వేడి అంటే 25, మహా అయితే 30 డిగ్రీలు. మన ఊళ్ళో మే నెలలో 45 దాకా పోతుంది, రాత్రిపూట కూడా ఇంట్లో గోడలు వేడిగానే ఉంటాయి. అందుకే వాడుతున్న సీసా కూడా ఫ్రిజ్‌లోనే పెట్టు, ఇచ్చే ముందు కాసేపు బయట ఉంచు. తెరిచిన తేదీ సీసా మీద రాయి, నాలుగు వారాలు దాటితే మందు మిగిలి ఉన్నా వాడకు. మిరపకాయ చెడితే రంగు చూసి తాలు కాయ అని యార్డులో ఇట్టే చెప్పేస్తారు. వేడికి పాడైన ఇన్సులిన్ చాలాసార్లు అలా పైకి కనిపించదు. తిండిలో మార్పు లేకుండా సుగర్ పెరుగుతూ పోతుంటే డాక్టర్‌తో చెప్పేటప్పుడు సీసా సంగతి కూడా అడుగు. నాయనమ్మది పాలలా ఉండే మిక్స్ ఇన్సులిన్. సీసాను రెండు అరచేతుల మధ్య మెల్లగా దొర్లించాలి, గట్టిగా ఊపకూడదు.

సిరంజి విషయం ఇంకా జాగ్రత్త. ఆవిడ వాడే సీసా మీద 40 ఐయూ అని ఉంటుంది, అంటే ఒక మిల్లీలీటరులో 40 యూనిట్లు. దానికి ఎర్ర మూత సిరంజే వాడాలి. నారింజ మూత సిరంజి 100 ఐయూ ఇన్సులిన్‌కి. ఇన్సులిన్ ఇచ్చే పెన్‌లో వేసే చిన్న గొట్టం, కార్ట్రిడ్జ్ అంటారు, అందులో ఉండేది 100 ఐయూదే. ఎప్పుడైనా సీసా దొరక్క కార్ట్రిడ్జ్ నుంచి ఎర్ర మూత సిరంజితో తీస్తే రెండున్నర రెట్లు మందు లోపలికి పోతుంది. కొనేటప్పుడు సీసా మీద అంకె, సిరంజి మూత రంగు రెండూ షాపులోనే చూసుకో.

ఏకాదశి నాడు నాయనమ్మ అన్నం తినరు, నీకు తెలుసు. మామూలు రోజు ఇన్సులిన్ ఆ రోజు ఇస్తే సుగర్ పడిపోతుంది. ఆ రోజు ఎన్ని యూనిట్లు ఇవ్వాలో, పాలూ పండ్లూ ఎప్పుడు తీసుకోవాలో డాక్టర్‌తో రాయించి పుస్తకం వెనక అట్టకు అతికించాను. ఆవిడతో వాదించి ఉపవాసం మాన్పించాలని చూడకురా. అలా చేస్తే నీకు చెప్పకుండా మానేస్తారు, అది ఇంకా ప్రమాదం. చెమటలు పట్టినా, చేతులు వణికినా, మాట తడబడినా వెంటనే సుగర్ చూడు. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల గ్లూకోజ్ పొడి నీళ్ళలో కలిపి తాగించు. పావుగంటకు మళ్ళీ చూసి, ఇంకా తక్కువే ఉంటే మళ్ళీ తాగించు. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పొయ్యొద్దు, 108కి ఫోన్ చెయ్యి.

ఇప్పుడు చెప్పేది నన్ను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టే మందు గురించి. కీళ్ళవాతానికి ఆవిడ వాడేది మెథోట్రెక్సేట్. అది వారానికి ఒక్కసారే. మన వాళ్ళకు మాత్ర అంటే రోజూ వేసుకునేదే, అందుకే దీనితో తప్పు జరుగుతుంది. బ్రాడీపేటలో మనకు తెలిసిన ఒకావిడకు కొత్తగా చేరిన ఆయా మిగతా మాత్రలతో పాటు దీన్నీ రోజూ ఇచ్చింది. వారం తిరిగేసరికి నోరంతా పూసి మంచినీళ్ళు కూడా మింగలేకపోయారు. రక్తకణాలు పడిపోయి చాలా రోజులు ఐసీయూలో ఉన్నారు. ఆ మందు కణాలు పెరగకుండా ఆపుతుంది. నోటి లోపలి పొర, రక్తం తయారయ్యే ఎముక మూలుగ త్వరత్వరగా పెరిగే చోట్లు కాబట్టి మోతాదు మించితే ముందు అవే దెబ్బతింటాయి. ఒంట్లోంచి పోవాల్సింది కిడ్నీల ద్వారా. ఈ వయసులో అవి మామూలుగానే నెమ్మదిస్తాయి, ఎండ దెబ్బకో విరేచనాలకో ఒంట్లో నీళ్ళు తగ్గితే ఇంకా కష్టం. అలాంటి వారం ఆ మాత్ర ఇచ్చే ముందు డాక్టర్‌ను అడుగు.

అందుకని దాన్ని మిగతా మందుల్లో కలపలేదు. వేరే డబ్బాలో పెట్టి పైన పెద్ద అక్షరాలతో "గురువారం మాత్రమే" అని రాశాను. గురువారం బాబా గుడికి వెళ్ళే రోజు కాబట్టి ఆవిడకూ గుర్తుంటుంది. ఈ మందు వల్ల వచ్చే ఇబ్బందులు తగ్గడానికి ఇచ్చే విటమిన్ మాత్ర ఫోలిక్ యాసిడ్ ఏ రోజు ఇవ్వాలో పుస్తకంలో ఉంది, ఆ రెండూ తారుమారు కాకూడదు. నోరు పూసినా, జ్వరం, గొంతు నొప్పి, పొడిదగ్గు, ఆయాసం వచ్చినా, ఒంటి మీద కారణం లేకుండా కమిలినా తర్వాతి మాత్ర ఆపి వెంటనే చూపించు. మూత్రంలో మంట అని కొత్త డాక్టర్ దగ్గరకు వెళ్తే ఈ మందు వాడుతున్నట్టు ముందే చెప్పాలి. కోట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్ దీనితో కలిస్తే చాలా ప్రమాదం. ఇంకో మాట. రెండో బిడ్డ గురించి ఆలోచిస్తున్నామని స్వాతి అంది కదా, ఈ మాత్రను తన చేత ముట్టించకు. గర్భంలో బిడ్డకు ఇది మంచిది కాదు. గురువారం పని నీదే.

మిగతా రోజువారీ మాత్రలకు ఏడు గళ్ళ డబ్బా ఉంది. ఆదివారం కూర్చుని ఒక్క వారానికే నింపు. ఎక్కువ రోజులకు స్ట్రిప్ నుంచి తీసి పెడితే గాలికీ చెమ్మకీ కొన్ని పాడవుతాయి. అప్పుడే స్ట్రిప్‌లో మిగిలినవి లెక్కపెట్టు, లెక్క తేడా వస్తే ఎక్కడో ఏదో జరిగిందన్నమాట. నాయనమ్మకు రెండు అలవాట్లున్నాయి. నిద్రమాత్ర ఇస్తే వేసుకున్నట్టే చేసి వక్కపొడి డబ్బాలో దాచుకుంటారు, నిద్రపట్టని రాత్రి రెండు కలిపి వేసుకుందామని. అర్ధరాత్రి మత్తులో బాత్రూమ్‌కి లేచి పడ్డారంటే తుంటి ఎముక విరుగుతుంది. రెండోది, ఎవరైనా మోకాళ్ళ నొప్పులంటే జాలిపడి తన మాత్ర చేతిలో పెట్టేస్తారు. మంచి మనసే, కానీ ఆ మందు ఎదుటివాళ్ళ కిడ్నీలకు పడకపోవచ్చు. కోప్పడకుండా పక్కన కూర్చుని మాట్లాడుతూ మాత్ర మింగేదాకా ఉండు. ఏ మాత్ర దేనికో ఆవిడకు చెప్పి ఇవ్వు. చెప్పకుండా చేతిలో పెడితే ఆవిడ చిన్నబుచ్చుకుంటారు, అందులో న్యాయం ఉంది. ఎనభై ఏళ్ళ మనిషి తన ఒంట్లోకి ఏం పోతోందో తెలుసుకోవాలనుకోరా?

పాప వస్తోంది కాబట్టి మందులన్నీ ఇనప బీరువాలోకి మార్చాను. ఎప్పుడూ తాళం వేసే ఉండాలి. సుగర్ మాత్రల్లో, బీపీ మాత్రల్లో కొన్ని ఒక్కటి మింగినా ఆ వయసు పిల్లలకు ప్రాణాపాయమే. ఇన్సులిన్ డబ్బాకు క్లిప్పుల మూత పెట్టాను, అది పాప తియ్యలేదు. నాయనమ్మ దిండు కింద, చేతిసంచిలో రోజూ ఒకసారి చూడు. మందును చాక్లెట్ అని చెప్పి పాపకు ఎప్పుడూ ఇవ్వొద్దు. పొరపాటున ఏదైనా మింగిందనుకుంటే ఉప్పునీళ్ళు తాగించి కక్కించే పని చెయ్యకుండా, ఆ స్ట్రిప్ చేత్తో పట్టుకుని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళు.

కరెంటు పోతే ఫ్రిజ్ తలుపు తియ్యకు, మూసి ఉంటే నాలుగు గంటల దాకా చల్లదనం ఉంటుంది. అంతకు మించితే కొత్త మట్టి కుండలో తడి ఇసుక పోసి, మధ్యలో పొడి డబ్బా దింపి అందులో సీసా పెట్టు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు పిన్ని వాళ్ళు డాబా మీద ఉండిపోయారు, బాబాయి మందుల చీటీలన్నీ నీళ్ళలో నానిపోయాయి. ఏ మందు ఏ మోతాదో ఫోన్‌లో చెప్పడానికి కూడా లేకపోయింది. అది చూశాకే చీటీలన్నీ ఫొటోలు తీశాను, నీకు వాట్సాప్‌లో పంపాను. తొలగించకు. వారానికి సరిపడా మాత్రలు గట్టి ప్లాస్టిక్ కవర్లో వేరే ఉంచు.

మందులు అయిపోయే దాకా ఆగకుండా వారం ముందే కొత్తపేట వెళ్ళి తెచ్చుకో. షాపులో ఆ కంపెనీది లేదని ఇంకోటి ఇస్తే, పేరు కింద చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు చీటీతో సరిచూడు. లేకపోతే పాతదీ కొత్తదీ రెండు వేర్వేరు మందులనుకుని రెండూ ఇచ్చే ప్రమాదం ఉంది. స్ట్రిప్ కత్తిరించి ఇస్తే ఎక్స్‌పైరీ తేదీ ఉన్న ముక్కే అడిగి తీసుకో. వాడిన సూదులు ఫినాయిల్ సీసా లాంటి గట్టి ప్లాస్టిక్ సీసాలో వేసి మూత బిగించు, నిండాక రక్తపరీక్ష ల్యాబ్‌లో ఇస్తే తీసుకుంటామన్నారు. చెత్తలో వేస్తే మున్సిపాలిటీ వాళ్ళ చేతులకు గుచ్చుకుంటాయి.

మెథోట్రెక్సేట్ కోసం చేయించే రక్తపరీక్షల తేదీలు పుస్తకం మొదటి పేజీలో ఉన్నాయి, ఒక్కటి కూడా దాటించకు. రిపోర్టు రాగానే నాకు ఫొటో పంపు. అక్కడ అర్ధరాత్రైనా సరే, చూస్తాను.

పాపకు ముద్దులు, స్వాతికి ఆశీస్సులు.

ఉంటాను,
అమ్మ