ముక్కు గొట్టంలో పోసే తిండికీ ఒక లెక్క ఉండాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

మొన్న వేసవిలో మా నాన్నగారు న్యుమోనియాతో శ్రీకాకుళంలోని ఒక ఆసుపత్రి ఐసీయూలో పంతొమ్మిది రోజులున్నారు. తొమ్మిది రోజులు వెంటిలేటర్ మీదే. వైద్యానికి వంక పెట్టను, మనిషిని బతికించి ఇచ్చారు. నేను రాస్తున్నది తిండి గురించి.

మొదటి మూడు రోజులు ఆయన కడుపులోకి ఏమీ వెళ్ళలేదు. అడిగితే "సెలైన్ ఎక్కుతోంది కదమ్మా" అన్నారు. మేమూ నమ్మాం. నీరసమొస్తే సెలైన్ పెట్టించుకుని బలమొచ్చిందనుకునేవాళ్ళమే కదా మనమంతా! తర్వాత తెలిసింది, 5 శాతం గ్లూకోజ్ అర లీటరు సీసాలో ఉండేది 25 గ్రాముల చక్కెరే. వంద కేలరీలు కూడా రావు. నార్మల్ సెలైన్‌లో అయితే ఉప్పూ నీళ్ళే. బీపీ అదుపులోకి రాకపోయినా, పేగు మూసుకుపోయినా ఆగాలి గానీ, లేకపోతే ఐసీయూలో చేరిన 48 గంటల్లోపే గొట్టం ద్వారా కొద్దికొద్దిగా ఆహారం మొదలుపెట్టాలని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి.

నాలుగో రోజు ముక్కులో గొట్టం వేసి, "రెండు గంటలకోసారి పాలో జావో తెండి" అన్నారు. ఎంత తేవాలో, అందులో ఏం కలపాలో చెప్పినవాళ్ళు లేరు. పిన్ని వాళ్ళింట్లో చోడి (రాగి) జావ కాచి, పల్చటి గుడ్డలో రెండుసార్లు వడకట్టి, ఫ్లాస్కులో పోసుకుని ఆటో ఎక్కేదాన్ని. ఒకరోజు అది చిక్కబడి గొట్టం మూసుకుపోయింది. "ఏటమ్మా, ఇంత చిక్కగా తెచ్చేసినారు?" అంది సిస్టర్, సిరంజితో గోరువెచ్చని నీళ్ళు ఎక్కిస్తూ. ఆమె తప్పేం లేదు, రాత్రిపూట అన్ని మంచాలకూ ఇద్దరే. చివరికి గొట్టం తీసి కొత్తది వేశారు. ఇంకోరోజు స్కాన్ ఉందని పొద్దుటి నుంచి చుక్క పోయలేదు. సాయంత్రం స్కాన్ వాయిదా పడిందన్నారు. మర్నాడు మళ్ళీ ఖాళీ కడుపే.

నాన్న జబ్బకు బిగుతుగా ఉండే తాయెత్తు పదో రోజుకి మోచేతి కిందికి జారిపోయింది. దాన్ని పైకి తోసినప్పుడల్లా నా చేతికి ఎముకే తగిలేది.

అంత జబ్బులో కండ కరగడాన్ని తిండి ఒక్కటే ఆపలేదని నాకు తెలుసు. కానీ అలాంటి రోగికి కిలో బరువుకు రోజుకి 1.2 గ్రాములకు తగ్గకుండా మాంసకృత్తులు అందాలంటారు. అరవై కిలోల మనిషికి 70 గ్రాముల పైమాటే. వంద గ్రాముల చోడి పిండిలో ఉండేది ఏడు గ్రాములు. ఇక పల్చటి జావ ఎన్ని గ్లాసులు పోస్తే సరిపోతుంది?

అలాగని ఎక్కువ పోసేయడమూ ప్రమాదమే. చాలా రోజులు పస్తున్న ఒంటికి ఒక్కసారిగా తిండి ఎక్కిస్తే రక్తంలో పొటాషియం, ఫాస్ఫేట్ పడిపోయి గుండె మీదికి వస్తుంది. అందుకే మెల్లగా పెంచాలి. పక్క మంచం ఆయనకి కొడుకే సిరంజితో పోసేవాడు, తల ఎత్తు పెట్టాలని తెలియక. తల వైపు 30 నుంచి 45 డిగ్రీలు లేపకపోతే పోసింది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మన ఉద్దానం ప్రాంతం సంగతి చెప్పనే అక్కర్లేదు. కవిటి, సోంపేట, కంచిలి నుంచి కిడ్నీ రోగులు వస్తూనే ఉంటారు, ఇంటి చెట్టు కొబ్బరి బొండాలూ వస్తాయి. ఆ నీళ్ళలో పొటాషియం ఎక్కువ. కిడ్నీలు చెడినవాళ్ళకి ప్రేమతో పోసే ఆ గ్లాసే ప్రాణం మీదికి తేవచ్చు. ఇవన్నీ ఇంటివాళ్ళకి ఎలా తెలుస్తాయి?

ఆసుపత్రి అభివృద్ధి సంఘం సమావేశాల్లో మంచాలు, మిషన్ల గురించి మాట్లాడతారు. ఈసారి దీని గురించీ మాట్లాడమని కలెక్టర్ గారిని, వైద్యాధికారులను వేడుకుంటున్నాను. ఐసీయూ ఉన్న ప్రతి ఆసుపత్రిలో రోజూ రోగి దగ్గరికొచ్చి చూసే డైటీషియన్ ఉండాలి. గొట్టంలో పోసే ఆహారం ఆసుపత్రే లెక్క ప్రకారం తయారుచేసి ఇవ్వాలి. బీపీ చార్టు పక్కనే ఇంకో కాగితం వేలాడాలి: ఈరోజు ఎంత ఇవ్వాలనుకున్నారు, ఎంత ఇచ్చారు, ఎందుకు ఆపారు, మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టారు. అది తెలుగులో ఉంటే, గుమ్మం బయట రాత్రంతా కూర్చునే మాలాంటి వాళ్ళమూ చదువుకుంటాం.

- ఒక పాఠకురాలు, ఆమదాలవలస