శనివారం సంక్రాంతి చేతిపనులు: వాలంటీర్లందరికీ

అందరికీ నమస్కారం 🙏

ఈ శనివారం ఉదయం 10:30కి డే కేర్ సెంటర్ హాల్లో మన పెద్దవాళ్లతో పండగ చేతిపనులు. 12 గంటలకల్లా భోజనాలు, కాబట్టి 10:15కే వచ్చేయండి.

చేసేవి రెండే. ఒకటి, గాలిపటం. ఎగరేయడానికి కాదు, గుమ్మానికి కట్టడానికి. రంగు కాగితాలు, కొబ్బరి చీపురు పుల్లలు చాలు. జిగురుకి మైదా ఉడికించి తెస్తాను. పుల్లల కొసలు ముందే కత్తిరించి ఉంచండి, గుచ్చుకుంటాయి.

రెండోది, నల్ల అట్ట మీద ముగ్గు. 5 నుంచి 1 వరకు సందు చుక్క, అంటే ఒక వరస చుక్కల మధ్య సందుల్లో తర్వాతి వరస చుక్కలు. చుక్కలు మనం పెడదాం, గీతలు వాళ్లే కలుపుతారు. వేళ్లు సరిగా వంగనివాళ్లకి సుద్దముక్కకి గుడ్డ చుట్టి లావుగా చేసివ్వండి. చేయి వణికితే అట్టని టేపుతో బల్లకి అంటించండి. గీత వంకర పోయిందని మీరు దిద్దొద్దు! పోయినసారి నేనలా దిద్దితే ఒక మామ్మగారు, "నీ ముగ్గు నువ్వేసుకో అమ్మా" అని లేచి వెళ్లిపోయారు 😄

ఒక్కొక్కరూ ఒక కత్తెర, పాత న్యూస్‌పేపర్లు తేవాలి. కళ్లజోడు పెట్టుకున్నారో లేదో మొదలుపెట్టే ముందే అడగండి.

మతిమరుపు ఉన్నవాళ్ల దగ్గర పూసలు, గుండుసూదులు వదలొద్దు. నోట్లో పెట్టుకునే ప్రమాదం ఉంది.

షుగర్ ఉన్నవాళ్లే ఎక్కువ, అరిసెలు తేకండి. రేగుపళ్లు కూడా వద్దు, గింజలతో ఇబ్బంది.

వచ్చేవాళ్లు గురువారం రాత్రిలోగా ఇక్కడే 👍 పెట్టండి. అట్టలు లెక్క చూసి కొనాలి.