చేరేదాకానేనా మైనారిటీ హక్కులు?

సంపాదకులకు నమస్కారం.

ఉక్రెయిన్, మోల్డోవాలు యూరోపియన్ యూనియన్ (ఈయూ)లో చేరడంపై 2024 జూన్‌లో చర్చలు మొదలయ్యాయి. వాటి గురించి మన పత్రికల్లో వచ్చేదంతా యుద్ధం, రష్యా, అమెరికా చుట్టూనే తిరుగుతోంది. ఆ దేశాల్లోని చిన్న భాషల వాళ్ల సంగతి ఎవరూ ఎత్తడం లేదు. ఈయూలో చేరాలంటే మైనారిటీలను గౌరవించాలి, రక్షించాలి అన్నది 1993లో కోపెన్‌హాగన్‌లో సభ్యదేశాలే పెట్టిన షరతు.

ఆ షరతు ఉత్తదని నేను అనను. లాత్వియానే తీసుకోండి. స్వాతంత్ర్యం తిరిగొచ్చాక, 1940లో సోవియట్ ఆక్రమణకు ముందు పౌరులుగా ఉన్నవాళ్లకు, వాళ్ల సంతతికే నేరుగా పౌరసత్వం ఇచ్చారు. సోవియట్ కాలంలో వచ్చి స్థిరపడిన రష్యన్ భాషీయులు లక్షల మంది ఏ దేశానికీ చెందకుండా మిగిలిపోయారు. లాత్వియన్ల భయం కల్పితమేమీ కాదు, తమవాళ్లను సైబీరియాకు తరలించడం వాళ్లు మరిచిపోలేదు. అయినా ఐరోపా భద్రత, సహకార సంస్థ తరఫున మైనారిటీల హైకమిషనర్‌గా ఉన్న మాక్స్ వాన్ డెర్ స్టూల్ వెంటబడి అడగడం, ఈయూలో చేరాలన్న ఆశ రెండూ కలిసి పనిచేశాయి. పౌరసత్వ నిబంధనలు సడలించడానికి 1998 అక్టోబరు రెఫరెండంలో ఓటర్లు ఒప్పుకున్నారు.

2004 మే 1న లాత్వియా సభ్యదేశమైంది. అప్పటికీ అక్కడి జనంలో దాదాపు ఐదుగురిలో ఒకరికి పౌరసత్వం లేదు. వాళ్లకు మున్సిపల్ ఎన్నికల్లో కూడా ఓటు లేదు. అలాంటివాళ్లకు పుట్టే పిల్లలకు పుట్టగానే పౌరసత్వం ఇవ్వడానికి 2020 దాకా పట్టింది. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న!

ఐరోపాలో జిప్సీలని పిలిచే రోమాల కథ ఇంకా అన్యాయం. వెయ్యేళ్ల కిందట మన ఉపఖండం నుంచి వెళ్లినవాళ్లు కాబట్టి వాళ్ల గురించి మనం కాస్త ఎక్కువే పట్టించుకోవాలని నా అభిప్రాయం. చెక్ రిపబ్లిక్‌లోని ఓస్ట్రావాలో రోమా పిల్లలను బుద్ధిమాంద్యం ఉన్నవారి కోసం పెట్టిన ప్రత్యేక పాఠశాలల్లో వేసేవారు. 18 మంది పిల్లల తరఫున వేసిన కేసులో, ఇది వివక్షేనని స్ట్రాస్‌బర్గ్‌లోని మానవ హక్కుల న్యాయస్థానం 2007 నవంబరులో తేల్చింది. అప్పటికి ఆ దేశం ఈయూలో చేరి మూడేళ్లు దాటింది. జాతి వివక్షను నిషేధిస్తూ 2000లో ఈయూ చేసిన నిబంధన ఉంది. దాని కింద ఈయూ కార్యనిర్వాహక విభాగమైన యూరోపియన్ కమిషన్ చెక్ ప్రభుత్వంపై చర్య మొదలుపెట్టింది 2014లో! అంటే తీర్పు వచ్చిన ఏడేళ్లకు. ఆలోపు ఒక తరం పిల్లలు బడి దాటిపోయారు.

ఇక ఇప్పటి తీరు. ఉక్రెయిన్ 2023 డిసెంబరులో చట్టం సవరించి, ఈయూ అధికార భాషలైన మైనారిటీ భాషల్లో చదువుకునే వీలు పెంచింది. హంగేరియన్, రొమేనియన్ పిల్లలకు మంచిదే. కానీ వెనకాల, కొత్తవాళ్ల చేరికను అడ్డుకోగల వీటో ఉన్న సభ్యదేశం నిలబడితేనే హక్కు దక్కుతుందంటే, ఏ దేశమూ లేని రోమాల కోసం వీటో వాడేదెవరు? ఈయూలో చేరాలంటే ఉత్తర మాసిడోనియా తన రాజ్యాంగంలో బల్గేరియన్ల పేరు చేర్చాల్సిందేనని బల్గేరియా పట్టుబట్టింది. 2021 జనగణనలో తాము బల్గేరియన్లమని చెప్పుకున్నవాళ్లు అక్కడ మూడున్నర వేల మంది. సరే, చేర్చమనండి. మరి తమ దేశంలో మాసిడోనియన్లమని చెప్పుకునేవాళ్ల సంఘాలను రిజిస్టర్ చేయనందుకు అదే బల్గేరియాను స్ట్రాస్‌బర్గ్ కోర్టు ఎన్నిసార్లో తప్పుపట్టింది.

హోసూరులో ఉంటున్న తెలుగువాడిగా ఇదంతా నాకు కొత్తగా అనిపించదు. రాష్ట్రాల పునర్విభజన జరిగిన 1956లోనే మాతృభాషలో ప్రాథమిక విద్య గురించి 350ఏ, భాషా మైనారిటీల కోసం ప్రత్యేక అధికారిని పెట్టే 350బీ అధికరణలు మన రాజ్యాంగంలో చేరాయి. ఆ ప్రత్యేక అధికారి నివేదిక ఇవ్వగలడు గానీ రాష్ట్రాన్ని ఆదేశించలేడు. బడుల్లో తమిళాన్ని తప్పనిసరి చేసిన తమిళనాడు 2006 చట్టం వచ్చాక, పదో తరగతిలో తమిళానికి బదులు తెలుగు పరీక్ష రాయడానికి ఇక్కడివాళ్లు కోర్టుకెక్కి మినహాయింపు తెచ్చుకోవాల్సి వచ్చింది.

మైనారిటీ భాషలకు చట్టరక్షణ కోరుతూ 11 లక్షల మందికి పైగా యూరోపియన్లు సంతకాలు చేసి ఇస్తే, కొత్త చట్టం అక్కర్లేదని 2021 జనవరిలో కమిషన్ తోసిపుచ్చింది. ఆ నిర్ణయాన్ని తిరగదోడాలి. కొత్తవాళ్లకు పెట్టే పరీక్షే పాత సభ్యదేశాలకూ ఏటా పెట్టాలి. ఆ పరీక్ష బాధ్యత పొరుగు ప్రభుత్వాలకు కాకుండా స్వతంత్ర సంస్థకు ఇవ్వాలి. మైనారిటీల రక్షణకు 1995లో, ఈయూకు వేరైన ఐరోపా మండలి తెచ్చిన ఒప్పందంపై ఫ్రాన్స్ సంతకం పెట్టనే లేదు, గ్రీస్, బెల్జియం పెట్టి ఊరుకున్నాయి. కీవ్‌కు ప్రశ్నావళి పంపే ముందు ప్యారిస్‌కు ఒకటి పంపాలి.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
హోసూరు, కృష్ణగిరి జిల్లా